లివర్‌పూల్‌లో బీటిల్స్ తిరిగిన వీధులు

జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్‌ల బ్యాండ్ బీటిల్స్. వాళ్ల ఊరు లివర్‌పూల్ చూడాలంటే రెండు పద్ధతులున్నాయి. టూరిస్టు బస్సెక్కి వాళ్ల పాటల్లోకెక్కిన పెన్నీ లేన్, స్ట్రాబెర్రీ ఫీల్డ్, వాళ్లు పెరిగిన ఇళ్లు చుట్టి రావడం ఒకటి. ఊరి నడిబొడ్డున గైడ్ వెంట కాలినడకన తిరగడం రెండోది. నేను, మాంచెస్టర్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా తమ్ముడు నడకకే ఓటేశాం. బస్సులో ఇళ్లు కనిపిస్తాయి. నడిస్తే మాత్రం ఆ కుర్రాళ్ల బడి, కాఫీ హోటలు, క్లబ్బు, రికార్డుల షాపు ఒకదానికొకటి ఎంత దగ్గరో తెలుస్తుంది. ఆ దగ్గరతనం లేకపోతే ఆ బ్యాండే లేదని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం.

మాంచెస్టర్ నుంచి లైమ్ స్ట్రీట్ స్టేషన్‌కు రైల్లో వచ్చి దిగాం. బయటికి రాగానే ఎంపైర్ థియేటర్ కనిపిస్తుంది. సొంత ఊళ్లో వాళ్లు చివరిసారి వాయించింది అక్కడే, 1965 డిసెంబర్ 5న. మా నడక మాత్రం కాస్త ఎత్తున ఉండే హోప్ స్ట్రీట్ దగ్గర మొదలైంది. గైడ్ యాభై దాటిన ఆవిడ, అక్కడే పుట్టి పెరిగిన మనిషి. లివర్‌పూల్ యాస చాలా వేగం, మాట చివర రాగం తీస్తారు. నాకు అందనిచోట మా వాడు పక్కనుంచి చెబుతూ వచ్చాడు.

మొదట ఆగింది మౌంట్ స్ట్రీట్ మూల మీద. అక్కడ కాలిబాట మీదే కాంక్రీటుతో పోతపోసిన సూట్‌కేసులు, గిటార్ పెట్టె ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఆ పేటలో చదివిన, బతికిన వాళ్ల పేర్లతో వాటికి చీటీలు కూడా ఉన్నాయి. 1998లో పెట్టిన శిల్పం అది. పిల్లలు ఎక్కి కూర్చుంటున్నారు, ఎవరూ వద్దనడం లేదు. ఎదురుగా ఉన్న పెద్ద స్తంభాల భవనం ఒకప్పటి లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్ హైస్కూలు. పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్ చదివింది అందులోనే. దాన్ని ఆనుకునే ఆర్ట్ కాలేజీ. 1957లో జాన్ లెనన్ అందులో చేరాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పాల్, జార్జ్ గిటార్లు పట్టుకుని పక్క భవనంలోకి వెళ్లి జాన్‌తో కూర్చుని వాయించేవాళ్లట. పుస్తకాల్లో చదివిన సంగతే అయినా, రెండు భవనాల మధ్య నిలబడి చూసేదాకా నాకు మనసుకెక్కలేదు. ఒకే గోడకు అటూ ఇటూ! ఆ బడి 1985లో మూతపడింది. పాల్ పూనుకుని మరికొందరితో కలిసి దాన్ని మళ్లీ నిలబెడితే, 1996 నుంచి సంగీతం, నాటకం నేర్పే సంస్థగా నడుస్తోంది. మేం నిలబడి ఉండగానే ఒకమ్మాయి సెల్లో భుజాన వేసుకుని పరుగున లోపలికి వెళ్లింది.

దగ్గర్లోనే రైస్ స్ట్రీట్‌లో 'యే క్రాక్' అనే చిన్న పబ్బు ఉంది. జాన్, అతని కాలేజీ స్నేహితుడు స్టువర్ట్ సట్‌క్లిఫ్ కూర్చునే చోటు. స్టువర్ట్ గొప్ప చిత్రకారుడు. వాకర్ ఆర్ట్ గ్యాలరీ ప్రదర్శనలో పెట్టిన అతని బొమ్మ 65 పౌండ్లకు అమ్ముడైతే, ఆ డబ్బు ఆసరాతో బేస్ గిటార్ కొనిపించి స్నేహితులే అతన్ని బ్యాండ్‌లోకి లాగారు. తర్వాత బ్యాండ్‌తో జర్మనీలోని హాంబర్గ్ వెళ్లి, మళ్లీ బొమ్మల దారి పట్టి అక్కడే ఉండిపోయాడు. 1962 ఏప్రిల్‌లో మెదడులో రక్తస్రావమై పోయాడు. అప్పటికి అతని వయసు 21. గైడ్ ఈ మాట చెబుతుంటే మా గుంపులో ఉన్న ఒక జపాన్ పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అక్కడి నుంచి దారి పల్లానికి దిగుతుంది. స్లేటర్ స్ట్రీట్‌లో జకరాండా. 1958లో అలన్ విలియమ్స్ అనే ఆయన కాఫీ బార్‌గా తెరిచాడు. కింద ఇరుకు గదిలో వీళ్లు వాయిస్తే ఇచ్చే కూలి కోకాకోలా, టోస్టు మీద బీన్స్. ఆడవాళ్ల బాత్రూమ్ గోడకు జాన్, స్టువర్ట్ బొమ్మలు కూడా వేసిపెట్టారు. 1960 ఆగస్టులో వాళ్లను తన వ్యానులో ఎక్కించుకుని హాంబర్గ్ తీసుకెళ్లింది కూడా విలియమ్సే. అయితే ఆ ప్రయాణానికి ముందు వాళ్లకో చిక్కు వచ్చింది. డ్రమ్స్ వాయించేవాడు లేడు. ఆఖరి నిమిషంలో దొరికినవాడే పీట్ బెస్ట్.

ఆ పేరు వినగానే మా తమ్ముడు నా వైపు చూశాడు. "అక్కా, మనూరివాడి సంగతి వచ్చింది." మాది నెల్లూరు. మా తాతల కాలంలో కోర్టు పనైనా, పెద్దాసుపత్రి అయినా మద్రాసుకే రైలెక్కేవాళ్లు. పీట్ బెస్ట్ పుట్టింది ఆ మద్రాసులోనే, 1941 నవంబర్ 24న. వాళ్లమ్మ మోనా పుట్టింది ఢిల్లీలో. 1945లో వాళ్ల కుటుంబం ఇండియా వదిలి లివర్‌పూల్ చేరింది. ఈ మాట గైడ్‌తో అంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే మీరు ఈ ఊరు వదిలేలోపు కాస్బా, అదే మోనా తన ఇంట్లో నడిపిన క్లబ్బు, చూసి తీరాలి" అని చెప్పి, ఫోనులో బుకింగ్ ఎలా చేసుకోవాలో అక్కడికక్కడే చూపించింది.

వైట్‌చాపెల్ వీధి చేరేసరికి జనం పెరిగారు. బట్టల షాపుల మధ్య బీటిల్స్ మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ విగ్రహం ఉంది, 2022లో పెట్టారు. సూటూ టైతో చకచకా నడిచిపోతున్నట్టుంటాడు. వాళ్ల కుటుంబం రికార్డుల షాపు ఈ వీధిలోనే ఉండేది. 1961 నవంబర్ 9న మధ్యాహ్నం ఆయన షాపు నుంచి బయల్దేరి కావెర్న్ క్లబ్బుకు వెళ్లి ఆ బ్యాండ్‌ను మొదటిసారి చూశాడు. ఆ కొద్ది అడుగుల దూరాన్ని గైడ్ మమ్మల్ని మాట్లాడకుండా నడవమంది. సందు దాటి మలుపు తిరిగేలోపే కావెర్న్ ఉన్న మాథ్యూ స్ట్రీట్ వచ్చేసింది. షాపు ఊరికి ఆ చివరన ఉండి ఉంటే ఆయన భోజనాల వేళ వెళ్లి చూసొచ్చేవాడా? నాకైతే అనుమానమే.

దార్లో స్టాన్లీ స్ట్రీట్‌లో, బీటిల్స్ పాటలోని ఎలినార్ రిగ్బీ విగ్రహం పక్కన కాసేపు కూర్చున్నాం. బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి. గాయకుడు టామీ స్టీల్ 1982లో చేసిచ్చాడు. పక్కన ఖాళీ జాగా ఉంటుంది కాబట్టి వచ్చినవాళ్లంతా కూర్చుని ఫోటో దిగుతారు.

ఇక కావెర్న్. నిజం ముందే చెప్పాలి: ఇప్పుడు మనం దిగేది అసలు కావెర్న్ కాదు. 1957 జనవరిలో జాజ్ క్లబ్బుగా మొదలైన ఆ నేలమాళిగను 1973లో మూసేసి, భూగర్భ రైలు పనుల కోసం పైనున్న భవనాన్ని కూల్చేశారు. 1984లో చాలావరకు ఆ స్థలంలోనే, పాత ఇటుకలు కొన్ని వాడి తిరిగి కట్టారు. ఈ సంగతి కొందరికి నిరాశ. నాకు కాలేదు. మెట్లు దిగేకొద్దీ చల్లదనం పోయి ఉక్కపోత మొదలవుతుంది. తల తగులుతుందేమో అనిపించే కమాను కప్పులు, చెమర్చిన ఇటుక గోడలు. ఇలాంటి గదిలో వాళ్లు 1961 నుంచి 1963 ఆగస్టు 3 దాకా దాదాపు మూడొందల సార్లు వాయించారు. మధ్యాహ్నం షోలకు ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లలు లంచ్ టైములో పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఆ రోజుల్లో లోపల మందు అమ్మేవాళ్లు కాదు. కోటులు తీసుకుని దాచిపెట్టే అమ్మాయి తర్వాత పెద్ద గాయని అయింది, ఆమే సిల్లా బ్లాక్. వీధిలో ఆమెకూ విగ్రహం ఉంది.

పీట్ కథలో కష్టమైన ఘట్టం కూడా ఈ రెండు వీధుల్లోనే. 1962 ఆగస్టు 16న ఎప్‌స్టీన్ అతన్ని ఆఫీసుకు పిలిపించి, నీ చోట్లో రింగో వస్తున్నాడని చెప్పాడు. రెండేళ్లు పక్కన కూర్చుని వాయించిన ముగ్గురిలో ఒక్కడూ ఆ మాట ఎదురుగా చెప్పలేదు. కారణమేమిటన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. డ్రమ్మింగ్ చాలలేదంటారు, కుదురుకోలేదంటారు. కారణం ఏదైనా, చెప్పిన తీరు నాకు మింగుడుపడదు. కొత్త డ్రమ్మర్‌తో కావెర్న్‌లో మొదటిసారి ఎక్కినప్పుడు పీట్ అభిమానులు కేకలు పెట్టి గొడవ చేశారు, ఆ గలాటాలో జార్జ్ కన్ను వాచిపోయింది. ఏడు వారాలు తిరిగేసరికి మొదటి రికార్డు బయటికొచ్చింది.

నడక అక్కడితో అయిపోయింది. నది ఒడ్డున పియర్ హెడ్‌లో నలుగురి విగ్రహాలూ ఉన్నాయి, చూశాం, ఫోటోలు దిగాం. గాలికి నిలబడలేక వచ్చేశాం.

కాస్బా ఊరి మధ్య లేదు, వెస్ట్ డెర్బీ పేటకు బస్సెక్కాలి. పెద్ద పాత ఇల్లు. 1954 డెర్బీ పందెంలో మోనా తన నగలు తాకట్టు పెట్టి 'నెవర్ సే డై' అనే గుర్రం మీద కాసిందని, అది 33కి 1 లెక్కన గెలిచిందని, ఆ డబ్బుతోనే తర్వాత ఈ ఇల్లు కొన్నదని చెబుతారు. పిల్లల స్నేహితులు ఇంటి చుట్టూ తిరుగుతుంటే, వాళ్లకో చోటుండాలని 1959 ఆగస్టు 29న కింది గదుల్లో కాఫీ క్లబ్బు తెరిచింది. తెరవడానికి ముందు గదులకు రంగులు వేసిన కుర్రాళ్లలో జాన్, పాల్, జార్జ్ ఉన్నారు. ఒక గదికి పాల్ వేసిన ఇంద్రధనుస్సు చారల కప్పు అలాగే ఉంది. బ్రష్షు ఎక్కడ ఆగి మళ్లీ మొదలైందో కనిపిస్తుంది, ఒక చార అంచు తిన్నగా రాలేదు కూడా. పదిహేడేళ్ల పిల్లాడి చెయ్యి! మొదటి రాత్రి అక్కడ వాయించింది వాళ్లే, అప్పటికి క్వారీమెన్ పేరుతో. కావెర్న్ కంటే ముందు వాళ్లకు నిలబడటానికి చోటిచ్చింది ఒక తల్లి, అదీ తన ఇంట్లో. నగర నడకలో ఈ ఇల్లు దూరమని వదిలేస్తారు. మీరు మాత్రం వదలొద్దు, ముందే బుక్ చేసుకుని ఒక పూట దీనికోసమే ఉంచుకోండి.

తిరుగు బస్సులో తమ్ముడు అడిగాడు, "అయితే అక్కా, పీట్‌కి ఏమీ దక్కలేదా?" అతను చాలా ఏళ్లు లివర్‌పూల్‌లోనే ప్రభుత్వ ఉద్యోగం చేశాడు. 1995లో బీటిల్స్ పాత రికార్డింగుల సంకలనం 'ఆంథాలజీ' మొదటి భాగం వచ్చినప్పుడు, అందులో అతను డ్రమ్స్ వాయించిన పాత రికార్డింగులు చేర్చారు. ముప్పై మూడేళ్ల తర్వాత తన కష్టానికి రాయల్టీ చేతికొచ్చింది, అదీ బాగానే.