స్కార్మరీని నేర్చుకున్న ఏడాది

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఉదయం ప్యాసింజర్ ఎక్కి విజయనగరంలో కాలేజీకి వెళ్ళే రోజుల్లో, పొందూరు వచ్చేసరికి కూర్చోవడానికి చోటు దొరికితే, ఫోన్‌లో పోకెమాన్ షోడౌన్ తెరిచేవాణ్ణి. అది పోకెమాన్ వీడియో గేముల్లోని జీవుల పోరాటాలను బ్రౌజర్‌లో ఉచితంగా నడిపే సిమ్యులేటర్. కథ మొదటి నుంచీ ఆడనక్కరలేకుండా, ఆరు జీవులతో జట్టు కూర్చుకుని నేరుగా ఎదుటివాడితో తలపడవచ్చు. నేను ఆడింది నాలుగో తరం నియమాలతో, అంటే 2006లో జపాన్‌లో విడుదలైన డైమండ్, పర్ల్ ఆటల కాలం నాటి పద్ధతిలో. విజయనగరంలో ఉండే మా మేనమామ కొడుకు ఆ తరం తప్ప మరొకటి ఆడడు. నేను అటు వెళ్ళడానికి వేరే కారణమేమీ లేదు.

జట్టులో నేను పట్టుబట్టి ఉంచుకున్నది స్కార్మరీని. ఉక్కు రెక్కల పక్షి అది. స్టీల్, ఫ్లయింగ్ రకాలు రెండూ కలిసినందువల్ల గ్రౌండ్ దెబ్బలూ విషమూ దాన్ని తాకవు, ఫైర్, ఎలక్ట్రిక్ దెబ్బలు మాత్రమే రెట్టింపుగా తగులుతాయి. బేస్ డిఫెన్స్, అంటే దెబ్బ కాచుకునే సహజ బలం, 140 ఉన్నా, కొట్టే బలమైన అటాక్ 80 మాత్రమే. ఆ 80ని చూసి కూడా నేను మొదట్లో ఈవీలన్నీ, అంటే మనమే పంచిపెట్టుకునే అదనపు పాయింట్లన్నీ, అటాక్‌లోనే పోసి, ప్రతి టర్న్‌లోనూ బ్రేవ్ బర్డ్ కొట్టించేవాణ్ణి. ఆ మూవ్ కలిగించిన నష్టంలో మూడో వంతు కొట్టిన పక్షికే తిరిగి తగులుతుంది. ఎదుటివాడు పెద్దగా శ్రమపడకుండానే నా పక్షి తనంతట తానే నేల కూలేది. నా రేటింగ్ 1000 దగ్గర మొదలై చాలా రోజులు 1000 దగ్గరే ఉండిపోయింది. అంతకంటే కిందికి దిగే వీలు అక్కడ లేదు కాబట్టి పరువు దక్కింది.

“ఏట్రా ఇది, గోడని ఎత్తుకెళ్ళి కర్రలాగ కొడతన్నావు?” అన్నాడు బావ, నా ఆటలు రెండు చూసి. ఆ సాయంత్రమే ఈవీలు మార్చాం. హెచ్‌పీలో, అంటే ప్రాణశక్తిలో 252, డిఫెన్స్‌లో 252 పోసి, డిఫెన్స్‌ను పెంచే ఇంపిష్ నేచర్ పెడితే లెవెల్ 100 దగ్గర హెచ్‌పీ 334కు, డిఫెన్స్ 416కు చేరాయి. థండర్‌బోల్ట్ లాంటి స్పెషల్ దెబ్బలను ఆపే స్పెషల్ డిఫెన్స్ 176 దగ్గరే మిగిలింది గనుక, అటువైపు దెబ్బలు కాయడానికి బ్లిస్సీని జతచేశాం. బేస్ హెచ్‌పీ 255, బేస్ డిఫెన్స్ 10 ఉన్న బ్లిస్సీకి స్కార్మరీ కావాలి, స్కార్మరీకి బ్లిస్సీ కావాలి. ఈ జంట మూడో తరం నుంచే పేరు పొందినది, మేము కనిపెట్టిందేమీ కాదు.

ఆ తరువాత నేర్చుకోవలసింది స్పైక్స్, అంటే ఎదుటి వైపు నేల మీద పరిచే ముళ్ళు, ఎప్పుడు వేయాలన్నది. ఒక పొర ఉంటే ఎదుటి జట్టులో నేలను తాకే ప్రతి జీవీ మైదానంలోకి వచ్చినప్పుడల్లా తన హెచ్‌పీలో ఎనిమిదో వంతు, రెండు పొరలుంటే ఆరో వంతు, మూడు పొరలుంటే నాలుగో వంతు పోగొట్టుకుంటుంది. నాతవలస టోల్‌గేటు లాంటిదది. ఎటు పోతున్నావని అడగదు, దాటినప్పుడల్లా వసూలు చేస్తుంది. స్కార్మరీని చూడగానే ఎదుటివాడు ఫైర్ రకం హీట్రాన్‌ను దించుతాడని తెలిసినప్పుడు, వాడు మార్చే ఆ టర్న్‌లోనే నేను ఒక పొర వేసి, మరుసటి టర్న్‌లో పక్షిని వెనక్కి పిలిచేవాణ్ణి. టైరానిటార్ డ్రాగన్ డాన్స్‌తో బలం పెంచుకుంటే వర్ల్‌విండ్‌తో తరిమేవాణ్ణి. పెంచుకున్న బలమంతా పోవడమే కాక, దాని స్థానంలోకి ఈడ్చుకొచ్చిన జీవి కూడా ముళ్ళ మీద అడుగు పెట్టాల్సిందే. అయితే వర్ల్‌విండ్ ఎప్పుడూ ఆ టర్న్‌లో ఆఖరునే పడుతుంది కాబట్టి ముందుగా ఒక దెబ్బ కాచుకోవాలి, 416 డిఫెన్స్ అక్కడ పనికొస్తుంది.

రూస్ట్ విషయంలో మాత్రం నన్నెవరూ హెచ్చరించలేదు. సగం హెచ్‌పీని తిరిగి ఇచ్చే ఆ మూవ్ వాడిన టర్న్ ముగిసేదాకా పక్షి ఫ్లయింగ్ రకాన్ని కోల్పోతుంది, ఉత్త స్టీల్‌గా మిగులుతుంది. ఎదుటి జీవి మనకంటే వేగమైనదైతే దాని దెబ్బ ముందే పడిపోతుంది గనుక ఇబ్బంది లేదు. మనకంటే నిదానమైన టైరానిటార్ ఎదురుగా ఉన్నప్పుడు నేను ముందుగా రూస్ట్ వేశాను; ఎన్నడూ తగలని ఎర్త్‌క్వేక్ ఆ రోజు రెట్టింపుగా తగిలి, రూస్ట్ ఇచ్చిన 167లో దాదాపు అంతా పట్టుకుపోయింది. గరివిడి నుంచి నెల్లిమర్ల దాకా ఆ దెబ్బ ఎలా తగిలిందా అని ఆలోచిస్తూనే కూర్చున్నాను.

అయినా వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా విసిగించినది ఎలక్ట్రిక్, స్టీల్ రకాల జీవి మాగ్నెజోన్. దాని మాగ్నెట్ పుల్ అనే గుణం వల్ల ఎదురుగా ఉన్న స్టీల్ జీవి వెనక్కి వెళ్ళలేదు. వెళ్ళలేని స్కార్మరీకి ఒక్క థండర్‌బోల్ట్ చాలు. పులి-మేక ఆటలో పులికి పళ్ళు రాలగొట్టి ఎవరూ గెలవరు, కదలడానికి గీత లేకుండా చేసి గెలుస్తారు, సరిగ్గా అలాగే. పైగా ఎదుటి జట్టును ముందుగా చూపించే ఏర్పాటు 2010లో వచ్చిన అయిదో తరంతో మొదలైంది కాబట్టి, నాలుగో తరంలో మాగ్నెజోన్ ఉందో లేదో అది మీద పడేదాకా తెలియదు.

దీనికి విరుగుడు షెడ్ షెల్ అనే ఐటమ్. అది చేతిలో ఉన్న జీవి ఏ వలలో ఉన్నా వెనక్కి రాగలదు. కానీ జీవికి ఐటమ్ ఒక్కటే కనుక, షెడ్ షెల్ పెడితే లెఫ్టోవర్స్ వదులుకోవాలి. లెఫ్టోవర్స్ ప్రతి టర్న్ చివరా పదహారో వంతు, అంటే నా పక్షికి 20 హెచ్‌పీ ఇస్తుంది. పది టర్న్‌లు మైదానంలో నిలబడితే 200 అవుతుంది. ఎదుటివాడి దగ్గర మాగ్నెజోన్ లేని రోజున ఆ 200 ఊరికే నష్టపోయినట్టే. బావ లెఫ్టోవర్స్ పక్షమే. నేను మాత్రం వరసగా మూడు రోజులు ఒకే రకంగా దొరికిపోయి, షెడ్ షెల్ పెట్టేశాను.

అది మొదటిసారి అక్కరకొచ్చిన ఆట నాకు బాగా గుర్తుంది. రెండు పొరల స్పైక్స్ అప్పటికే ఉన్నాయి. మూడోది వేస్తున్న టర్న్‌లోనే మాగ్నెజోన్ దిగి, ఆరో వంతు చెల్లించుకుంది. మరుసటి టర్న్‌లో వాడు థండర్‌బోల్ట్ వేశాడు, నేను ఫ్లైగన్‌ను దించాను. గ్రౌండ్ రకానికి ఎలక్ట్రిక్ తగలదు. ఫ్లైగన్ ఎర్త్‌క్వేక్ అయితే మాగ్నెజోన్‌కు నాలుగు రెట్లు తగులుతుంది. వాడు చాలాసేపు ఆలోచించి దాన్ని వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ తీసుకొచ్చినప్పుడు నాలుగో వంతు పోయింది, ఆట నాదైంది. ఆ నెలలోనే రేటింగ్ 1300 దాటింది.

తరువాతి సంక్రాంతికి మామయ్య ఇంట్లో బావతో ఆడాను. దెబ్బ తిన్న నా స్కార్మరీకి టర్న్ చివర లెఫ్టోవర్స్ సందేశం రాకపోవడం అతడు గమనించాడు, చేతిలో ఉన్నదేమిటో ఊహించాడు. మాగ్నెజోన్‌ను దించాడు. నేను ధీమాగా ఫ్లైగన్‌ను పంపాను. అతడు థండర్‌బోల్ట్ వేయలేదు, ఐస్ రకం హిడెన్ పవర్ వేశాడు. గ్రౌండ్, డ్రాగన్ రెండూ అయిన ఫ్లైగన్‌కు ఐస్ నాలుగు రెట్లు కాబట్టి అది ఒక్క దెబ్బకే పడిపోయింది. ఇప్పుడు లెఫ్టోవర్స్ సందేశం ఒక్కసారైనా రాకుండా పోయిన ఆటల్లో, వలలోంచి బయటపడేటప్పుడు నేను ఫ్లైగన్‌ను కాక బ్లిస్సీని పంపుతున్నాను. ఆ రెండు మూవ్‌లలో ఏది పడినా అది కాచుకోగలదు.