పవరు మారిందని చెప్పరేం?

మందుల షాపులో నిలబడి "ఇదేం మందండీ, ఎందుకు మార్చారు?" అని అడిగితే మా వైపు ఇప్పటికీ పెంకిమనిషి కిందే లెక్క. వెనకాల జనం తోసుకుంటూ ఉంటారు. కౌంటర్లో కుర్రాడికి ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కత్తెర. సంతలో వంకాయ పుచ్చుందేమోనని తిప్పి తిప్పి చూస్తాం గానీ, కడుపులోకి వెళ్ళే బిళ్ళ దగ్గరికొచ్చేసరికి కవరు మూతి కూడా విప్పకుండా ఇంటికి తెచ్చుకుంటాం. అడిగితే ఏమనుకుంటారో అని. ఇక నుంచి నేను అడుగుతాను. ఎందుకో చెప్తాను.

మా మావయ్యగారికి డెబ్బై దాటాయి. చాలా ఏళ్ళుగా షుగరు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, అక్కడే డాక్టరుగారికి చూపిస్తాం. ఆయన రాసేది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ళ. ఈ జోడీ మందు చాలా కంపెనీల్లో పేరు చివర ఎం1 అనో ఎం2 అనో ఉంటుంది. ఆ అంకె గ్లిమెపిరైడ్ పవరు, 1 ఎంజీనా 2 ఎంజీనా అని. మావయ్యగారు ఒక పూట తింటే ఒక పూట తినరు, ఈ వయసులో 2 ఇస్తే షుగరు పడిపోతుంది అని చెప్పి మరీ డాక్టరుగారు ఎం1 రాశారు. కింద గీత కూడా గీశారు.

ఆ నెల మందులు తెచ్చింది మా అత్తయ్యగారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, బిళ్ళల్ని రంగుతో గుర్తుపెట్టుకుంటారు. తెల్లది పొద్దున్న టిఫినుకి ముందు, పసుప్పచ్చది రాత్రి. మా ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళ లెక్క ఇదే. ఈసారి తెల్లదాని బదులు గులాబీ రంగుది ఇస్తే ఆవిడ అక్కడే అడిగారట. "అదే మందు మామ్మగారూ, కంపెనీ మారిందంతే" అన్నాడట కుర్రాడు. ఇంకేం అడుగుతారు పాపం.

మర్నాడు పొద్దున్న మావయ్యగారు బిళ్ళ వేసుకుని, ఒక ఇడ్లీ తిని చాలన్నారు. పదకొండు అవుతుండగా అరుగు మీద కూర్చున్న మనిషికి చొక్కా వెన్నుకి అతుక్కుపోయేంత చెమట. మే నెల, మా కోనసీమ ఉక్క సంగతి తెలిసిందే, అందరూ ఉక్కే అనుకున్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. మనవడి పేరు పిలవబోయి ఎప్పుడో పోయిన తమ్ముడి పేరు పిలిచారు. మిషన్ పెట్టి చూస్తే 54. డెబ్బైకి దిగితేనే లో షుగరు అంటారు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి చూస్తే 78కి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం గానీ డాక్టరుగారు ఫోన్లో వదల్లేదు. "ఈ రకం మందు రోజంతా పనిచేస్తూనే ఉంటుందమ్మా, లేచి కూర్చున్నారు కదా అని వదిలెయ్యకండి. అన్నం పెట్టండి, గంట గంటకీ చూస్తూ ఉండండి. అసలు ఏం బిళ్ళ వేశారు?"

అప్పుడు ఆ కవరు తీసి మంచం మీద దులిపాను. అన్నీ అట్ట ముక్కలే. ఒక్కో ముక్కలో నాలుగేసి బిళ్ళలు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అచ్చేసిన అంచు ఏ ఒక్క ముక్కకీ లేదు, అది ఎవరి ఇంటికి వెళ్ళిందో. వెనక వెండి రేకు మీద ఇంగ్లీషు అక్షరాలు కత్తెర పడినచోట తెగిపోయాయి. ఒక ముక్క మీద మందు పేరు సగం ఉంది. ఇంకోదాని మీద కంపెనీ అడ్రసు తప్ప ఏమీ లేదు. రెండు ముక్కల అంచులూ పక్కపక్కన ఆనించి, కిటికీ వెలుతురుకి పెట్టి చూస్తే గాని ఎం2 అన్నది పూర్తిగా కనపడలేదు.

చదువుకున్నదాన్ని, కళ్ళజోడు పెట్టుకుని, వెతుకుదామనే వెతికితే దొరికింది అది. మా అత్తయ్యగారికి ఎలా తెలుస్తుంది?

సాయంత్రం మావయ్యగారు తేరుకున్నాక ఆ ముక్కలూ చీటీ పట్టుకుని షాపుకి వెళ్ళాను. ఓనరుగారే ఉన్నారు.

"ఏవండీ, చీటీలో ఎం1 ఉంటే ఎం2 ఇచ్చారు."

"ఎం1 స్టాకు లేదమ్మా. ఇదీ ఆ మందే."

"పవరు రెట్టింపు కదండీ. మా మావయ్యగారికి షుగరు 54కి పడిపోయింది."

"అందరూ ఇవే వాడుతున్నారు. ఎవరికీ రాని ఇబ్బంది మీకే వచ్చిందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి ఎలా ఉన్నాడు అని ఒక్క ముక్క అడగలేదు ఆయన. పోనీ ఇవి వెనక్కి తీసుకోండి అంటే "కోసిన అట్ట తీసుకోం" అన్నారు. కోసింది ఎవరు? బిల్లు ఇవ్వండి అంటే, నిన్నటి దానికి ఇవాళ బిల్లేమిటి అన్నారు. నిన్న అత్తయ్యగారి చేతికి ఇచ్చింది కాలిక్యులేటర్లో కూడి చెప్పిన మొత్తమే, కాగితం కాదు. ఫార్మసిస్టుగారితో మాట్లాడతాను అన్నాను. గోడకి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లో ఫొటో అయితే ఉంది, ఆ మనిషిని మాత్రం మా ఊళ్ళో ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ఇదంతా చిన్న షాపు, పల్లెటూరు, సర్దుకుపోవాలి అనుకునే వ్యవహారం కాదు. రిజిస్టరైన ఫార్మసిస్టే మందు ఇవ్వాలని 1948 ఫార్మసీ చట్టం చెబుతోంది. షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు, చీటీలో ఒకటి ఉంటే దాని బదులు ఇంకొకటి ఇవ్వకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పు. ఇన్ని ఉన్నా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యాలన్నా, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాయాలన్నా చూపించడానికి ముందు చేతిలో ఉండాల్సింది ఆ బిల్లే. అందుకే అది ఇవ్వరని నా నమ్మకం.

కంపెనీ మారడం గురించి నాకు పేచీ లేదు. అదే మందు, అదే పవరు, తక్కువ ధరకి వస్తే మంచిదే, జన ఔషధి షాపులు నడిచేది దాని మీదే. కానీ మారిస్తే డాక్టరుకి ఒక ఫోన్ కొట్టమనండి, మాకు చెప్పమనండి. నెలకి సరిపడా డబ్బుల్లేక పదిరోజులకే కొనుక్కునేవాళ్ళు మా దగ్గర చాలామంది, కాబట్టి అట్ట కొయ్యక తప్పదు, అదీ ఒప్పుకుంటాను. కోసినప్పుడు కవరు మీద మందు పేరు, పవరు, గడువు తేదీ పెన్నుతో రాయడానికి ఎంతసేపు? ఇప్పుడు రాసేది నిలువు గీతలే, పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి అని.

ఈ షాపాయన చెడ్డవాడని కూడా అనను. గోదావరి పొంగి కాజ్‌వేలు మునిగినప్పుడు లంకల్లోవాళ్ళకి పడవలో మందులు పంపించింది ఈయనే. డబ్బుల్లేకపోతే ఖాతాలో రాసుకుని ఇస్తారు. నమ్మకం అలా వచ్చింది కాబట్టే మా అత్తయ్యగారు రెండో మాట అడగకుండా ఇంటికొచ్చేశారు. ఆ నమ్మకాన్ని పట్టుకుని అడిగినవాళ్ళని కసురుకుంటేనే నాకు బాధ.

ఇప్పుడు మందులు పాలకొల్లులోనే కొంటున్నాం. మొన్న అక్కడా ఎం1 లేదు. ఆ ఫార్మసిస్టు అమ్మాయి చీటీ చూసి, "ఇంట్లో ఎన్ని మిగిలాయండీ? ఎల్లుండికి తెప్పిస్తాను, 2 మాత్రం ఇవ్వలేను" అంది. అట్టలు కొయ్యకుండా ఇచ్చి, బిల్లు తనే పిన్ను కొట్టి పెట్టింది.

మా ఊరి షాపాయన ఫోన్లో ఇది చదువుతారని నాకు తెలుసు. ఓనరుగారూ, నా డబ్బులు వెనక్కి అక్కర్లేదు. ఆ వారం మీ దగ్గర ఎం1 స్టాకు లేదని మీరే చెప్పారు. అంటే ఎం1 చీటీతో వచ్చి ఎం2 పట్టుకెళ్ళినవాళ్ళు మా అత్తయ్యగారు ఒక్కరే అయ్యుండరు. సగంమంది మీ ఖాతా పుస్తకంలోనే ఉంటారు, వాళ్ళ ఫోన్ నంబర్లతో సహా. దయచేసి ఇవాళే వాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఫోన్ ఎత్తనివాళ్ళ ఇంటికి కుర్రాణ్ణి పంపండి.