హీత్రో నుంచి స్కిపోల్‌కి గంటేనా?

మధ్యాహ్నం లండన్ నుంచి ఇంటికి చేరాను. అక్కావాళ్లు ఉండేది హౌన్‌స్లోలో, నేనుండేది ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆమ్‌స్టెల్‌వీన్‌లో. "విమానంలో గంటేగా, నెలకోసారైనా అక్కని చూసి రావచ్చుగా" అని అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. ఆ గంట సంగతేమిటో చూద్దామని ఇవాళ దారి పొడవునా టైమ్ చూసుకుంటూ వచ్చాను.

లండన్ విమానాశ్రయం హీత్రో నుంచి ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం స్కిపోల్‌కి నేరుగా గీత గీస్తే దాదాపు 370 కిలోమీటర్లు. మన బెజవాడ నుంచి వైజాగ్‌కి రోడ్డు మీద ఎంతో ఇంచుమించు అంతే. గాల్లో ఉండేది ముప్పావుగంటకి కాస్త అటూఇటూ. ఇంగ్లండ్ తూర్పున ఉన్న ఎసెక్స్ తీరం దాటి ఉత్తర సముద్రం మీదికి వచ్చి కాఫీ తాగేలోపే దిగడం మొదలవుతుంది.

టికెట్ మీద మాత్రం గంటా ఇరవై నిమిషాలు. హీత్రోలో గేటు నుంచి కదిలిన దగ్గర్నుంచి స్కిపోల్‌లో గేటు దగ్గర ఆగేదాకా అంతా ప్రయాణం కిందే లెక్క. హీత్రోలో ఉన్నవి రెండే రన్‌వేలు, టేకాఫ్‌కి క్యూ తప్పదు. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, అందుకని తూర్పున ఉన్న ఊరికి వెళ్లే విమానం కూడా ముందు పడమటివైపు లేచి, అప్పుడు వెనక్కి తిరుగుతుంది.

దిగాక ఇంకో కథ. స్కిపోల్‌లో పోల్డర్‌బాన్ అనే రన్‌వే ఉంది, 2003లో తెరిచారు. జనాలకి విమానాల రొద తగ్గాలని టెర్మినల్‌కి చాలా దూరంగా కట్టారు. ఇవాళ అక్కడే దిగాం. గేటు దాకా రావడానికి పావుగంట పట్టింది. మధ్యలో విమానం హైవే పైనున్న వంతెన దాటుతుంటే కింద కార్లు పోతుంటాయి. ఆ పావుగంట నాకు చాలా ఇష్టం. ఆ నేలంతా ఒకప్పుడు సరస్సు. 1852 నాటికి నీళ్లన్నీ తోడేశారు. ఇప్పటికీ సముద్రమట్టానికి సుమారు 3 మీటర్లు దిగువనే ఉంది. ఒకప్పుడు పడవలు తిరిగిన చోట చక్రాల మీద పోతున్నానని తలచుకుంటే ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

గడియారం గొడవ వేరే. ఇంగ్లండ్ టైమ్ ఇక్కడికంటే గంట వెనక. ఇక్కడ పదింటికి బయల్దేరితే అక్కడ పదీ ఇరవైకి దిగుతాం. అక్కడ పదింటికి ఎక్కితే ఇక్కడ దిగేది పన్నెండూ ఇరవైకి. ఒకసారి నా టికెట్లు చూసి, "పోను ఇరవై నిమిషాలు, రాను రెండుంబావు గంటలా? ఏంటే ఇది!" అని అమ్మ కంగారుపడింది.

ఇవాళ అక్క ఇంట్లో ఏడున్నరకి బయల్దేరాను. మెట్రో, సెక్యూరిటీ, గేటు దగ్గర ఎదురుచూపు, ఇక్కడ దిగాక పాస్‌పోర్ట్ క్యూ. ఇల్లు చేరేసరికి ఒకటిన్నర. తేడా గంట తీసేస్తే ఐదు గంటలు. అందులో గాల్లో గడిచింది ఐదో వంతు కూడా లేదు.

సాయంత్రం అమ్మకి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఆదివారమే పరిగెత్తుకు రాకే. సోమవారం కూడా ఉండి, అక్కతో నింపాదిగా గడిపి రా" అంది. అదే సరైన మాట. వచ్చే నెల సోమవారానికి సెలవు అడుగుతాను.