వెనక నుంచి విక్రమార్కుడు ఎలా ఉంటాడు?

చందమామలో శంకర్ గారు వేసిన ఆ బొమ్మ గుర్తుందా, భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానం దారిలో విక్రమార్కుడు? దాన్ని మావాడి కోసం మట్టితో చేద్దామని కూర్చుని మొదటి రోజే ఆగిపోయాను, ఎందుకంటే కాగితం మీద కనిపించేది ఒక్క వైపే, మరి వీపు వెనక శవం చేతులు ఎక్కడిదాకా వేలాడాలి, జుట్టు ఎటు పడాలి, అదంతా మనమే ఊహించుకోవాలి. పైగా శవం బరువుకి బొమ్మ వెనక్కి పడిపోయేది. లోపల తీగ పెట్టి, నడుము కాస్త ముందుకు వంచాక నిలబడింది. బరువు మోసే మనిషి అలాగే కదా వంగేది!

తోలుబొమ్మ పద్ధతి వేరు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఊళ్లో మేకతోలుతో చేసేవాళ్లని తలుచుకుంటూ నేను మందపాటి అట్టతో ప్రయత్నించాను. దీనికి వీపు అక్కర్లేదు, ప్రాణమంతా భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో కట్టిన కీళ్లలోనే ఉంటుంది.

చివరికి ఆ అట్టబొమ్మనే టేబుల్ మీద పడుకోబెట్టి, రవ్వంత జరపడం, ఫోన్‌తో ఫొటో తీయడం, అలా తీసినవన్నీ వరసగా ఆడిస్తే బొమ్మ నడుస్తున్నట్టే ఉంటుంది. సెకనుకి 12 చొప్పున 10 సెకన్ల నడకకి 120 ఫొటోలు. మధ్యలో ఫ్యాన్ గాలికి కత్తి ఎగిరిపోతే మళ్లీ మొదటి నుంచి తీశాం.

నిన్న రాత్రి అది చూసి మావాడు అడిగాడు, "నాన్నా, భేతాళుడు కళ్లెప్పుడు తెరుస్తాడు?" అని. ఇక ఈ ఆదివారమంతా ఆ రెప్పల మీదే.