1.2 అంటే బాగున్నట్టేనా?

సోంపేట, మంగళవారం.

జీడిపిక్కల రోజులు. ఎండ ముదరకముందే తోటకి పోవాలని ఏడింటికే ల్యాబు బెంచీలు నిండిపోయాయి. అందరికీ తొందరే, రక్తానికి తప్ప. ఎర్రమూత ట్యూబులో గడ్డ కట్టడానికి దానికి అరగంట కావాలి. ముందే మిషన్లో గిర్రున తిప్పేస్తే, గడ్డ మీద తేరే పసుపు నీరు సీరంలో, రక్తాన్ని గడ్డకట్టించే పోగు ఫైబ్రిన్ సాలెపోగులా తేలుతుంది. అది మిషన్ సూదికి అడ్డుపడితే వచ్చే అంకె ఎందుకూ పనికిరాదు. ఇవాళ రెండు ట్యూబులు అలాగే మళ్ళీ తిప్పాల్సొచ్చింది.

పదింటికి రెండు కాగితాలు పక్కపక్కన వచ్చాయి. రెండిట్లోనూ క్రియాటినిన్ 1.2. ఒకటి పాతికేళ్ళ కుర్రాడిది, కొబ్బరిచెట్లెక్కే కండ. ఇంకోటి అరవయ్యేళ్ళ ముసలమ్మది, బక్కప్రాణం. కాగితం మీద ఇద్దరికీ ఒకటే 'నార్మల్' గీత, 1.4. నాకు ఒళ్ళుమండేది అక్కడే. క్రియాటినిన్ కండల్లోంచి పుట్టే చెత్త, దాన్ని వడగట్టి బయటికి పంపేది కిడ్నీలు. కండ ఉన్నోడికి 1.2 మామూలే, కండే లేని మనిషికి అంత ఎక్కడిది? వయసూ ఆడామగా కలిపి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు నిమిషానికి ఎంత వడగడుతున్నాయో అంచనా, లెక్కేస్తే కుర్రాడికి 86, ఆమెకి 52.

రెండు కిడ్నీలూ కలిసి రోజుకి 180 లీటర్లు వడగట్టి, లీటరున్నర మాత్రం బయటికి పంపి, మిగతాదంతా వెనక్కి పీల్చుకుంటాయి. ఒక్కోదాంట్లో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, ఒక్కోటీ ఒక జల్లెడా దాని వెనక ఒక గొట్టమూ. కొన్ని చచ్చిపోతే మిగిలినవి వాటి పని నెత్తినేసుకుంటాయి. అందుకే సుమారు సగం పోయేదాకా క్రియాటినిన్ అంకె గీత దాటదు.

ఆమె మూత్రంలో ముంచిన స్ట్రిప్పు పసుపుగానే ఉంది, ఆకుపచ్చగా మారలేదు. ప్రోటీన్ లేదన్నమాట. షుగరు వల్ల చెడే కిడ్నీలో జల్లెడ కారుతుంది, ప్రోటీన్ ముందే పడుతుంది. మన ఉద్దానం పల్లెల్లో కనిపించే కిడ్నీ జబ్బులో చెడేది జల్లెడ కాదు, దాని వెనకుండే గొట్టాలూ వాటి మధ్య ఉండే కణజాలమూ. ప్రోటీన్ అంతగా పడదు, బీపీ కూడా చాలామందికి పెరగదు. స్ట్రిప్పు బాగుందని ఊరుకుంటే మోసపోయినట్టే.

"కాగితం ఏటి సెప్తంది బావూ?" అంది. కొంగు ముడిలో నొప్పి మాత్రల అట్ట, నడుంనొప్పికి షాపులో కొన్నవి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న రక్తనాళాన్ని ఒంట్లోనే పుట్టే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తెరిచి పట్టుకుంటాయి. ఈ మాత్ర వాటినే ఆపేస్తుంది. చెమటోడ్చి వచ్చి మాత్రేసుకుంటే ఆ నాళం బిగుసుకుపోతుంది.

"నీళ్ళు బాగా తాగితే కడుక్కుపోద్దేటి?"

పోదు. దాహానికి తాగాలి, తోటలో ఇంకాస్త ఎక్కువ. చచ్చిన నెఫ్రాన్లని మాత్రం నీళ్ళు లేపలేవు. మాత్రలు ఆపి డాక్టరుకి చూపించమన్నాను. ఈజీఎఫ్‌ఆర్ ఒక్కసారి 60 కంటే తగ్గితే జబ్బని తేల్చరు, మూడు నెలలు అలాగే ఉండాలి. అందుకే కాగితం వెనక మళ్ళీ రావాల్సిన తేదీ రాశాను. ముందురోజు రాత్రి వేటమాంసం వద్దని కూడా చెప్పాను, ఉడికిన మాంసం క్రియాటినిన్ అంకెను పెంచేస్తుంది.

"వేట మాకెక్కడిది బావూ," అని నవ్వి, కాగితం అదే కొంగున ముడేసుకుంది.