చుక్కలు చూసి వేసిన గట్టు

పెన్సిల్వేనియాలో మా చెల్లెలు వాళ్ళింట్లో ఉన్నప్పుడు, శనివారం ఎక్కడికి తీసుకెళ్ళమంటారు అని బావ అడిగాడు. ఎంబ్రీవిల్‌లో ఓ రాయి ఉందట, అది చూద్దామన్నాను. "రాయి కోసం అమెరికా రావాలా బావగారూ!" అంటూనే కారు తీశాడు.

రోడ్డు పక్కనే ఉన్నా గమనించక ముందుకెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాం. చిన్న రాతిగోడ మధ్యలో తెల్లటి పలుగురాయి. మన చేలల్లో నాగలికి తగిలితే తీసి గట్టు మీదికి విసిరేస్తామే, అలాంటిదే. స్టార్‌గేజర్స్ స్టోన్, అంటే చుక్కలు చూసేవాళ్ళ రాయి అంటారు. చుట్టూ ఉన్న గోడ మాత్రం 1908లో కట్టింది.

కథంతా గట్టు తగాదాయే. మేరీల్యాండ్ కాల్వర్ట్ కుటుంబానిది, పెన్సిల్వేనియా పెన్ కుటుంబానిది. 1632లో ఒక ఇంగ్లండు రాజు, 1681లో ఇంకో రాజు ఇచ్చిన పట్టాల్లో హద్దులు ఒకదాని మీదికొకటి వచ్చాయి. మా ఊళ్ళో అయితే సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చేవాడు. వీళ్ళు 1763లో ఇంగ్లండు నుంచి చుక్కల లెక్క, నేల కొలత తెలిసిన చార్లెస్ మేసన్‌, జెరెమయా డిక్సన్‌లను రప్పించారు.

ఫిలడెల్ఫియా దక్షిణపు కొసకు సరిగ్గా 15 మైళ్ళ దిగువన హద్దు వేయాలన్నది ఒప్పందం. కానీ అక్కడి నుంచి తిన్నగా దక్షిణానికి కొలుచుకుంటూ పోతే డెలావేర్ నది దాటి న్యూజెర్సీలో తేలతారు! అందుకని అదే అక్షాంశం మీద 31 మైళ్ళు పడమటికి జరిగి, జాన్ హార్లన్ అనే రైతు పొలంలో మకాం పెట్టారు. టెలిస్కోపుకు దెబ్బ తగలకుండా కింద పరుపు వేసి బండిలో తెచ్చారట. అక్షాంశం తేల్చుకోవడానికి 1764 జనవరి చలిలో వెల్లకిలా పడుకుని నడినెత్తిన దాటే చుక్కలను కొలిచారు. మేం వెళ్ళింది అక్టోబరులో. పది నిమిషాలకే నాకు చెవులు గడ్డకట్టాయి.

ఇక్కణ్ణుంచి దక్షిణానికి 15 మైళ్ళు కొలిచి, ఆ లెక్కతోనే పడమటికి గీత లాగారు. 1767లో డంకర్డ్ క్రీక్ అనే వాగు దగ్గర, వెంట వచ్చిన ఇరొక్వా తెగల ఆదివాసులు ఇక అడుగు ముందుకు వేసేది లేదనడంతో పని ఆగింది. నేల ఎవరిదో తెలిసినవాళ్ళు వాళ్ళే మరి. 1780లో పెన్సిల్వేనియా బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే చట్టం తెచ్చాక, దక్షిణం నుంచి పారిపోయి వచ్చేవాళ్ళు దాటాల్సిన గీత కూడా ఇదే అయింది.

ఇదంతా నేను చెబుతుంటే బావ ఫోన్ తీసి అక్షాంశం చూశాడు. 39.94. అర నిమిషం కూడా పట్టలేదు.

"మీ రాయి ఉన్నచోటే ఉంది బావగారూ. ఇక వెళ్దామా?"