గాల్లో మాటామాటా

ఈ రోజు పని త్వరగానే తెమిలింది. రాత్రి బట్టలు మడతపెడుతూ శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం ఏటీసీ (విమానాలకు రేడియోలో దారి చెప్పే కంట్రోలర్ల విభాగం) రికార్డింగ్ ఒకటి మళ్ళీ విన్నాను, 2023 అక్టోబరు నాటిది. మ్యూనిక్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా పైలట్‌కీ కంట్రోలర్‌కీ మధ్య వాదన. రాత్రిపూట పక్క విమానాన్ని కంటితో చూసుకుంటూ దిగడానికి మా కంపెనీ ఒప్పుకోదు, ఐఎల్ఎస్ (నేల మీది రేడియో సంకేతాలను బట్టి పరికరాలతో దిగే పద్ధతి) ఇవ్వండి అంటాడు పైలట్. ఆగమంటాడు కంట్రోలర్. పది నిమిషాలన్న గడువు దాటిపోతుంది. ఇలాగే తిప్పితే ఫ్యూయల్ ఎమర్జెన్సీ చెప్పాల్సి వస్తుందని పైలట్ అనేసరికి మాట పెళుసవుతుంది. చివరికి ఆ విమానం పక్కనున్న ఓక్లాండ్‌లో దిగింది.

కంట్రోలర్ విసుగు నాకు అర్థమవుతుంది. అక్కడ జంట రన్‌వేల మధ్య దూరం 750 అడుగులే. అప్పట్లో పైలట్లు ఒకరినొకరు చూసుకుంటూ దిగితేనే రెండు వరుసలూ పక్కపక్కనే సాగేవి. ఒక్కరు ఐఎల్ఎస్ అడిగితే ఆ విమానం కోసం వరుసలో పెద్ద ఖాళీ ఉంచాల్సి వచ్చేది, వెనకవాళ్ళందరికీ ఆలస్యం. అయినా పైలట్ అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. రాత్రి కళ్ళు ఎంత మోసం చేస్తాయో అదే విమానాశ్రయంలో 2017 జులైలో తేలిపోయింది. ఎయిర్ కెనడా విమానం ఒకటి రన్‌వే అనుకుని టాక్సీవే (విమానాలు రన్‌వే దాకా నేలమీద వెళ్ళే దారి) మీదికి దిగబోయింది. అక్కడ నాలుగు విమానాలు బయల్దేరడానికి నిలబడి ఉన్నాయి. ఆఖరి క్షణంలో పైకి లేచింది కాబట్టి సరిపోయింది.

ఇలా వాదించుకునేవాళ్ళను వింటే నాకు భయం వెయ్యదు. భయమంతా వాదించనివాళ్ళను తలుచుకుంటేనే. 1990 జనవరి 25న ఏవియాంకా 52 అనే కొలంబియా విమానం న్యూయార్క్ చేరేలోగా మూడుచోట్ల కలిపి గంటా పదిహేడు నిమిషాలు గాల్లో తిరిగింది. ఇంధనం అయిపోతోందని చెప్పారు, ప్రాధాన్యం ఇమ్మని అడిగారు. ఎమర్జెన్సీ అని మాత్రం అనలేదు. మొదటిసారి దిగలేక పైకి లేచాక కంట్రోలర్, పదిహేను మైళ్ళు తిప్పి తెస్తాను, మీ ఇంధనానికి ఫర్వాలేదా అని అడిగారు. ఫర్వాలేదనుకుంటా, చాలా థాంక్స్ అన్నాడు కోపైలట్. ఆ థాంక్స్ గుర్తొస్తే ఇప్పటికీ గుండె పిండేసినట్టుంటుంది. కాసేపటికే ట్యాంకులు ఎండిపోయి విమానం కూలింది. 158 మందిలో 73 మంది పోయారు.

ఇప్పుడు మాటల్లో తికమక లేకుండా నియమం ఉంది. ఇక ఆలస్యం తట్టుకోలేమంటే మినిమం ఫ్యూయల్ అనాలి. దిగేసరికి చివరి రిజర్వు, అంటే జెట్‌కి ముప్పై నిమిషాల ఇంధనం కూడా మిగలదని లెక్క తేలితే ఎమర్జెన్సీ ప్రకటిస్తూ మేడే ఫ్యూయల్ అనాలి. అక్కడ మొహమాటం పనికిరాదు. కంట్రోలర్ తెరమీద ఆ విమానం ఇరవై చుక్కల్లో ఒక చుక్క, దాని ట్యాంకులో ఎంతుందో ఆ చుక్క చెప్పదు. వెనక ఎంతమంది వరుసలో ఉన్నారో పైలట్‌కీ కనపడదు. కంట్రోలర్లు అప్పుడప్పుడు కాక్‌పిట్‌లోనూ, పైలట్లు రాడార్ గదిలోనూ ఒక పూట కూర్చునే ఏర్పాటు ప్రతి దేశంలో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో సంగతికొస్తే, నా బాధల్లా ఆ పది నిమిషాల గురించే. ఇప్పట్లో ఖాళీ దొరకదు, ఓక్లాండ్ చూసుకోండి అని మొదటే చెప్పి ఉంటే, ఇంధనం చేతిలో ఉండగానే ఆ పైలట్ నిర్ణయం తీసుకునేవాడు.